హెచ్‌ఎం కుర్చీలో ఉంటూ ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ: అయ్యే పనేనా?

హెచ్‌ఎం మేడమ్, చీపురుపల్లి

అందరికీ నమస్కారం. చీపురుపల్లి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో హెచ్‌ఎంగా చేస్తున్నాను. ఎమ్మెస్సీ, ఎంఈడీ ఉన్నాయి, రెండిట్లోనూ 55 శాతం దాటింది. స్కూల్ లీడర్‌షిప్ మీద పీహెచ్‌డీ చేద్దామని ఎప్పట్నుంచో ఉంది గానీ పిల్లలు చిన్నవాళ్లని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు పెద్దాడు ఇంటర్ హాస్టల్లో చేరాడు, రెండోది తన చదువు తను చూసుకుంటోంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపిస్తోంది.

మా ఆయన మాత్రం "ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి" అంటున్నారు. ఆయన సంగతి పక్కన పెట్టినా నాకే బోలెడు అనుమానాలు. బడికెళ్లిన దగ్గర్నుంచి ఎవరి ఫేస్ అటెండెన్స్ పడలేదు, గుడ్లు ఎన్నొచ్చాయి, బడి వివరాలెక్కించే యూడైస్‌లో ఏ పిల్లాడి ఆధార్ తప్పుంది, విద్యార్థి గుర్తింపు నంబరు అపార్ ఐడీ ఎవరికి రాలేదు, తల్లిదండ్రుల మీటింగు మెగా పీటీఎంకి షామియానా ఎవరిస్తారు, ఇలాగే సాయంత్రం అయిపోతుంది. మరుగుదొడ్ల ఫోటోలు ఎక్కించే పనొకటి తప్పింది, అంతవరకు నయం. ఇందులో రీసెర్చికి టైం ఎక్కణ్ణుంచి తీయాలి? లాంగ్ లీవ్ పెట్టకుండా అవుతుందా? పర్మిషన్ ఎలా తీసుకోవాలి?

టాపిక్ అయితే ఒకటి అనుకున్నాను: ఉమ్మడి విజయనగరం జిల్లా హైస్కూళ్లలో హెచ్‌ఎంల నాయకత్వ శైలికీ, టీచర్ల ఉద్యోగ సంతృప్తికీ సంబంధం. మా డివిజన్లోని హెచ్‌ఎంలు చాలామంది తెలిసినవాళ్లే కాబట్టి ప్రశ్నాపత్రాలు నింపించుకోవడం కష్టం కాదు, మా స్కూల్ స్టాఫ్ ఎలాగూ ఉన్నారు.

ఇంకో విషయం. ఈ మధ్య ఒకాయన ఫోన్ చేసి, విదేశీ యూనివర్సిటీ నుంచి 'డాక్టరేట్ ఇన్ ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్' ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఏడాదిన్నర చాలు, ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు అన్నాడు. నిజంగా అలాంటివి ఉన్నాయా? చేసినవాళ్లు, సగంలో మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే దాపరికం లేకుండా చెప్పండి.

---

పాతపట్నం మాస్టారు

మేడమ్ గారూ, నేను హెచ్‌ఎంగా ఉంటూనే పార్ట్‌టైమ్‌లో పూర్తి చేశాను, ఇప్పుడు రిటైరయ్యాను. అవుతుంది. కాకపోతే దేనికి ఎంత టైం పడుతుందో ముందే తెలిసి దిగాలి.

ముందు రూలు సంగతి. ఇప్పుడు నడుస్తున్నది యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022 నవంబరు రెగ్యులేషన్. అందులో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఒప్పుకున్నారు, కానీ పనిచేసే చోటి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఆ ఎన్‌ఓసీలో మూడు మాటలు ఉండి తీరాలి: పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతిస్తున్నామని, ఉద్యోగ బాధ్యతల మధ్య రీసెర్చికి తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామని. మన ఆఫీసుల్లో "నో అబ్జెక్షన్" అని ఒక్క ముక్క టైప్ చేసి చేతిలో పెడతారు, అది పట్టుకెళ్తే యూనివర్సిటీలో వెనక్కి పంపుతారు. కాబట్టి ఆ మూడు వాక్యాలూ మీరే డ్రాఫ్ట్ రాసి దరఖాస్తుతో పాటు జతచేయండి, సూపరింటెండెంట్‌కి కూడా పని తేలిక. డీవైఈఓ (డిప్యూటీ విద్యాశాఖాధికారి) గారి ద్వారా డీఈఓ ఆఫీసుకి, అక్కణ్ణుంచి పైకి వెళ్తుంది, ఫైలు వెనక మనిషి తిరగందే కదలదు, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది, అంటే మొత్తం పదేళ్ల దాకా లాగొచ్చు. లాగమని కాదు, భయపడకండని చెబుతున్నా. కోర్స్‌వర్క్ 12 క్రెడిట్లకి తగ్గదు, అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ పేపర్ తప్పనిసరి, 55 శాతం రావాలి. నిజంగా ఇబ్బంది పెట్టేది ఈ కోర్స్‌వర్కే, ఎందుకంటే అప్పుడు మనిషి అక్కడ కనపడాలి. తర్వాత సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెబితే చాలు.

గైడ్ విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4, అంతకు మించి స్కాలర్లని తీసుకోకూడదు. పైగా రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లని అసలు తీసుకోకూడదు. కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ అయినా, మన ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ అయినా, ఎడ్యుకేషన్‌లో ఈ ఏడు సీట్లున్నాయా, ఎవరి దగ్గర ఖాళీ ఉంది, ఆయన సర్వీసు ఇంకెన్నాళ్లుంది అని వాకబు చేశాకే ఎంట్రన్స్ మాట. ఎంట్రన్స్‌కి ఏపీఆర్‌సెట్ నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. యూజీసీ నెట్ పరీక్ష రాసినా పనికొస్తుంది, 2024 జూన్ నుంచి నెట్‌లోనే పీహెచ్‌డీ అడ్మిషన్‌కి అర్హత ఇస్తున్నారు, దానికి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, కానీ ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

ఇక టైం. రోజూ రెండు గంటలు చదువుతానని అనుకోకండి, మన ఉద్యోగంలో అది అయ్యే పని కాదు. బడి క్యాలెండర్‌ని బట్టి పని పంచుకోవాలి. డేటా సేకరించాలంటే బళ్లు తెరిచి ఉండాలి కాబట్టి జులై నుంచి దసరా ముందు వరకు ఒక విడత, పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక నవంబరులో ఇంకో విడత. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి స్పెషల్ క్లాసులు, ఫిబ్రవరి, మార్చిల్లో పుస్తకం ముట్టుకోలేరు, తర్వాత స్పాట్ వాల్యుయేషన్. రాత పని మొత్తం వేసవి సెలవుల్లో. జూన్ 12న మళ్లీ గంట కొట్టేలోపు ఒక చాప్టర్ చేతిలో ఉంటే ఆ ఏడాది దక్కినట్టే. నేను పలాస–విశాఖ ప్యాసింజర్లో కూర్చునే సగం చదివాను, సీటు దొరికిన రోజున.

ఆ ఫోన్ చేసినాయన్ని మాత్రం దూరంగా పెట్టండి. పీహెచ్‌డీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడదని ఇదే రెగ్యులేషన్‌లో ఉంది. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ యూనివర్సిటీల పేరుతో అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని 2022 అక్టోబరులో యూజీసీ, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కలిసి హెచ్చరిక కూడా ఇచ్చాయి.

---

లెక్కల ఎస్‌ఏ, రాజాం

మాస్టారు గారు దారి చెప్పారు, స్కూల్ అసిస్టెంట్‌గా (ఎస్‌ఏ) నేను ఎందుకు అని అడుగుతాను, మేడమ్ ఏమీ అనుకోవద్దు. మన స్కూల్ సైడ్ ప్రమోషన్లు సీనియారిటీ మీద నడుస్తాయి, పేరు ముందు డాక్టర్ అని ఉన్నంత మాత్రాన లిస్టులో ముందుకి జరగరు. బీఈడీ కాలేజీ ప్రిన్సిపాల్ అవుదామనుకుంటే టీచర్ శిక్షణ కాలేజీలని నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో పీహెచ్‌డీతో పాటు బీఈడీ స్థాయి కాలేజీలో ఎనిమిదేళ్ల బోధనానుభవం అడుగుతారు, మీ హెచ్‌ఎం సర్వీసు దానికి లెక్కలోకి రాదు. ఇవన్నీ తెలిసీ చేస్తానంటే అది వేరే సంగతి.

రెండోది, స్టాఫ్ వైపు నుంచి. ఇదివరకు నేను పనిచేసిన బడిలో హెచ్‌ఎం గారు పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ స్కూల్ని మా సీనియర్ అసిస్టెంటే నడిపారు. ఆయన మంచాయనే, పిల్లలంటే ప్రేమ ఉన్నాయనే, కానీ ఎనిమిదో తరగతిలో తెలుగు చదవడం రాని పిల్లల గురించి మేం మాట్లాడబోతే ఆయన ల్యాప్‌టాప్‌లో 'విద్యా నాయకత్వం' అని టైప్ చేసుకుంటూ "ఒక్క నిమిషం మాస్టారూ" అనేవారు. ఆ నిమిషం చాలాకాలం నడిచింది.

ఆ ప్రశ్నాపత్రాలు మేమూ నింపాం. చుట్టుపక్కల బళ్ల కాంప్లెక్స్ మీటింగ్ అయ్యాక భోజనాల ముందు పంచారు, యాభై అరవై ప్రశ్నలు, ప్రతిదానికీ ఐదు గడులు. "మీ ప్రధానోపాధ్యాయులు మీ అభిప్రాయాలకు విలువనిస్తారా", "మీ ప్రధానోపాధ్యాయులు నిష్పక్షపాతంగా వ్యవహరిస్తారా" ఇలాంటివి. పేరు రాయనక్కర్లేదన్నారు, కానీ సబ్జెక్టు, సర్వీసు, ఆడా మగా రాయమన్నారు. మా బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పే ఆడమనిషి ఒక్కరే ఉంటారు, ఇంక పేరెందుకు? పక్కావిడ పెన్ను ఎత్తకుండా 'పూర్తిగా అంగీకరిస్తున్నాను' గడిలో పైనుంచి కిందికి టిక్కులు పెట్టేసింది. మధ్యలో "మా హెచ్‌ఎం మాట వినరు" అని తిరగేసి అడిగిన ప్రశ్న ఒకటుంది, దానిక్కూడా పూర్తిగా అంగీకరించింది. తర్వాత కాగితాలు తీసుకుంది ఎవరనుకున్నారు, హెచ్‌ఎం గారే.

ఉద్యోగ సంతృప్తి అని మీరు రేపు మీ స్టాఫ్‌ని అడిగితే అందరూ సంతృప్తిగానే ఉంటారు మేడమ్. సీఎల్ శాంక్షన్ చేసేది మీరే కదా.

---

హెచ్‌ఎం మేడమ్, చీపురుపల్లి

రాజాం మాస్టారూ, నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, కానీ మీరన్నది కాదనలేను. ప్రమోషన్ కోసం కాదండీ. నా బాధ వేరు. బడిలో క్లాసు గది వైపు వెళ్లాలని రోజూ అనుకుంటాను, వెళ్లలేను. వెళ్లనివ్వంది నా చేతకానితనమా, పై నుంచి వచ్చే పనుల తీరా, లేక హెచ్‌ఎం అంటే ఇంతేనా, ఇది తేల్చుకోవాలని ఉంది. ట్రైనింగుల్లో 'ఇన్‌స్ట్రక్షనల్ లీడర్ అవ్వండి', అంటే బోధనని ముందుండి నడిపించండి అని పీపీటీ చూపించి పంపేస్తారు, ఎలాగో ఎవరూ చెప్పరు.

సరే, మా స్టాఫ్‌ని వదిలేస్తాను. అలాంటప్పుడు టాపిక్ ఏం చేయాలి?

---

ఎంఈడీ లెక్చరర్, విశాఖ

మేడమ్, ఇప్పుడు రెండో పోస్టులో రాశారే, అదీ టాపిక్. మొదటిది కాదు. 'నాయకత్వ శైలి, ఉద్యోగ సంతృప్తి' అని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్లో వెతకండి, జిల్లా పేరు మార్చుకుంటూ వచ్చిన థీసిస్‌లు వరసగా కనపడతాయి. శ్రీకాకుళం బదులు విజయనగరం అని పెడితే అది కొత్త పరిశోధన అయిపోదు. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదట అడిగేది కూడా అదే: ఇది చదివాక మాకు కొత్తగా ఏం తెలిసింది?

మీరు ఆలోచిస్తున్న ప్రశ్నకి వెనక చాలా పని జరిగి ఉంది. ఇన్‌స్ట్రక్షనల్ లీడర్‌షిప్‌ని కొలవడానికి ఫిలిప్ హాలింగర్ 1980ల మొదట్లో ఒక స్కేల్ తయారుచేశారు, పిమ్‌ర్స్ అంటారు, 50 అంశాలు, పది రకాల పనులు, మూడు విభాగాలు. అందులో హెచ్‌ఎం తన గురించి తాను నింపే ఫారం వేరు, టీచర్లు నింపేది వేరు. ఎవరికి వారు వేసుకునే మార్కులకన్నా టీచర్లు వేసేవే నమ్మదగ్గవని ఆ స్కేల్ వాడినవాళ్లు చెబుతారు. కానీ రాజాం మాస్టారు చూపించిన గోతిలో ఆ టీచర్ ఫారం కూడా పడుతుంది, హెచ్‌ఎం చేతికి తిరిగి వెళ్తుందని తెలిస్తే ఎవరూ నిజం రాయరు. ఆ తిరగేసిన ప్రశ్నకి కూడా అంగీకారం టిక్కు పడిందన్నారు చూడండి, అలాంటి కాగితాన్ని ఎన్నిసార్లు ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఏమొస్తుంది? సహసంబంధ గుణకం (కోరిలేషన్) దశాంశాలతో సహా వస్తుంది, అంతే.

అందుకని అభిప్రాయం అడగడం మానేసి పని చూడండి. 1960ల చివర్లో మేనేజ్‌మెంట్ పరిశోధకుడు హెన్రీ మింట్జ్‌బర్గ్ ఐదుగురు మేనేజర్లని ఒక్కొక్కరినీ వారం చొప్పున వెంటే ఉండి గమనించి, వాళ్ల రోజు ఎన్ని ముక్కలుగా తెగిపోతుందో రాశాడు. తర్వాత స్కూల్ ప్రిన్సిపాళ్ల మీద కూడా అదే పద్ధతిలో చాలామంది చేశారు. మీరు పదీ పన్నెండు మంది హెచ్‌ఎంలని తీసుకోండి, మైదానంలో కొందరు, పార్వతీపురం మన్యం వైపు కొందరు. కొందరి వెంట బడి తెరిచినప్పటి నుంచి మూసేదాకా మీరే ఉండి గమనించండి, మిగతావాళ్లతో టైం డైరీ రాయించండి. గుడ్లు, యాప్‌లు, ఫోన్లు, తల్లిదండ్రులు, క్లాసు పరిశీలన, దేనికి ఎంత పోతోంది, ఏది దేన్ని మధ్యలో ఆపుతోంది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే విద్యేతర పనులకి టీచర్లని వాడకూడదంటుంది, కానీ హెచ్‌ఎం చేసే డేటా పని విద్యా పనా కాదా అన్నది ఎవరూ తేల్చలేదు. మీ థీసిస్‌లో ఒక మంచి అధ్యాయం అక్కడుంది. కాంప్లెక్స్ హెచ్‌ఎంలని విడిగా చూస్తే ఇంకో అధ్యాయం: స్కూల్ కాంప్లెక్స్ అన్నది 1964–66 నాటి కొఠారి కమిషన్ ఆలోచన, 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ తలకెత్తుకుంది, బాధ్యత పెరిగింది గానీ ఆ కుర్చీలో ఉన్నవాళ్లకి టైం పెరగలేదు.

ఇక్కడ మీ హెచ్‌ఎం ఉద్యోగం మీకు పెద్ద బలం. రిజిస్టర్ చూడగానే ఏది నిజంగా జరిగిందో, ఏది కాగితం మీద జరిగిందో మీకు తెలిసిపోతుంది, ఫుల్‌టైమ్ స్కాలర్‌కి అది అర్థం కావడానికే ఏడాది పడుతుంది. కానీ మీ మండలం వద్దు, మీ కాంప్లెక్స్ అసలే వద్దు. రేపు ఇన్‌ఛార్జి ఎంఈఓ (మండల విద్యాధికారి)గా మీకే బాధ్యత ఇస్తే, నిన్న మీకు మనసు విప్పి చెప్పినవాళ్ల పరిస్థితి ఏమిటి?

ఆన్‌లైన్ డాక్టరేట్ గురించి ఒక మాట. ఈడీడీ, అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, అన్నది మోసం కాదు. అమెరికాలో అది మీలాంటివాళ్ల కోసమే ఉన్న డిగ్రీ, ప్రిన్సిపాళ్లు, స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్లు ఉద్యోగం చేస్తూనే తమ పనిలోని ఒక సమస్యని పట్టుకుని చేస్తారు. 2007 నుంచి కార్నెగీ ప్రాజెక్ట్ అనే వేదిక కింద అక్కడి యూనివర్సిటీలు దాన్ని పీహెచ్‌డీకి నకలుగా కాకుండా విడిగా తీర్చిదిద్దుతున్నాయి. అంత ఉన్న డిగ్రీ పేరు చెప్పి ఇక్కడ ఏడాదిన్నరలో చేతిలో పెడతామనేవాళ్లని నమ్మొద్దంటున్నాను, అంతే. మనకున్న దారి పీహెచ్‌డీయే.

అది కూడా ఇప్పుడే వద్దనిపిస్తే ముందు చిన్నవి ఉన్నాయి. ఢిల్లీలోని విద్యా ప్రణాళిక సంస్థ నీపాలో 2012 నుంచి నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ నడుస్తోంది, వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ఉచితం. ఇగ్నోలో ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ పీజీ డిప్లొమా ఉంది. అవి చేశాక కూడా ఆకలి తీరకపోతే అప్పుడు ఎంట్రన్స్ రాయండి.

---

లెక్కల ఎస్‌ఏ, రాజాం

లెక్చరర్ గారూ, డైరీలు కూడా అంతేనండీ. హెచ్‌ఎంని డైరీ రాయమంటే పది నుంచి పదకొండు క్లాసు పరిశీలన అని రాసేస్తారు, ఆ టైంలో ఆయన బ్యాంకులో ఉంటారు. మేం లెసన్ ప్లాన్లు రాయడం లేదా ఏమిటి, చెప్పేశాక.

---

ఎంఈడీ లెక్చరర్, విశాఖ

రాస్తారు. అందుకే కొందరి దగ్గర డైరీ, పక్కన కూర్చుని గమనించడం రెండూ ఒకే రోజుకి చేయాలి. రెండిటికీ ఎంత తేడా వస్తుందో అది కూడా ఫలితమే, దాచక్కర్లేదు, థీసిస్‌లో పట్టిక వేసి చూపించొచ్చు.

---

పాతపట్నం మాస్టారు

లెక్చరర్ గారి మాటకి ఒక సవరణ మేడమ్. వేరే హెచ్‌ఎం వెంట రోజంతా ఉండాలంటే ఆ రోజు మీరు మీ బడిలో ఉండరు. అది సీఎలా, ఓడీ (ఆన్ డ్యూటీ)యా? ఆ ముక్క ఎన్‌ఓసీ అడిగేటప్పుడే తేల్చుకోండి. తేల్చుకోకపోతే ఎవరో ఒకరు "హెచ్‌ఎం బడికి రావడం లేదు" అని పిటిషన్ పెడతారు, రాజాం మాస్టారు లాంటివాళ్లే పెడతారు, సరదాకి అంటున్నా. ఇంకోటి, మీ సీనియర్ అసిస్టెంట్‌తో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. భారం ఆయన మీద పడుతుంది, ఆ సంగతి ముందే ఒప్పుకుని, ఆయన పీరియడ్లు కొన్ని తగ్గించి టైంటేబుల్ మార్చండి. ఆయన ఇష్టంగా ఒప్పుకోకపోతే ఈ ఏడాది అప్లై చేయొద్దని నా సలహా.

---

హెచ్‌ఎం మేడమ్, చీపురుపల్లి

సీనియర్ అసిస్టెంట్ మేడమ్‌తో ఇవాళ లంచ్‌లో కదిపాను. "మీరు ఎలాగూ రోజూ మీటింగుల్లోనే ఉంటారు కదండీ, కొత్తగా పడే భారం ఏముంది" అంది. దాన్ని ఒప్పుకోవడం అనుకోవాలా ఇంకోటనుకోవాలా తెలీలేదు, టైంటేబుల్ మాత్రం శనివారం కూర్చుని మారుద్దామంది. ఎన్‌ఓసీ డ్రాఫ్ట్‌లో ఓడీ సంగతి కూడా కలిపి రాస్తున్నాను. నీపా కోర్సులో ఈ రాత్రే రిజిస్టర్ అవుతాను.

రాజాం మాస్టారూ, మీది మా మండలం కాదు, మీ హెచ్‌ఎం గారు నాకు పరిచయం కూడా లేరు. సీటు వస్తే మీ బడికి రానిస్తారా?

---

లెక్కల ఎస్‌ఏ, రాజాం

మా హెచ్‌ఎం గారిని అడిగి చెబుతానండీ. ఆవిడ ఒప్పుకుంటారు గానీ, వస్తున్నట్టు ముందు రోజు ఫోన్ చేయకండి, చేస్తే ఆ రోజు ఆవిడ అన్ని క్లాసులకీ వెళ్లిపోతారు. పదో తరగతి పరీక్షల్లో మాత్రం రావొద్దు, మిమ్మల్ని స్క్వాడ్ అనుకుంటారు.